డ్రమ్ము బోల్టులో దాక్కున్న అంగుళం

ఈ రోజు ఎపిసోడ్ డోర్నకల్ నుంచే, మా ఇంటి వెనక రేకుల షెడ్డు నుంచి. మధ్యమధ్యలో వినిపించేది ట్రైన్ సౌండు. జంక్షన్ పక్కన ఉంటే అంతే, ఎడిట్‌లో పోదు.

పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో బ్యాండ్ మేళం అన్న ఒకాయన పాత సైడ్ డ్రమ్ము పట్టుకొచ్చాడు. డ్రమ్ము పై రింగును కిందికి గుంజి పట్టే పొడుగు బోల్టులు ఉంటాయి కదా, టెన్షన్ రాడ్లు. మూడు పోయినయ్. "తమ్మీ, ఎల్లుండి పెళ్లి. అడ్వాన్స్ గూడ తీసుకున్న" అన్నాడు. షాపులో కొన్న 6 ఎం.ఎం. బోల్టు మొదటి చుట్టు దగ్గరే ఆగిపోతోంది. ఆయనేమో బోల్టు డూప్లికేట్ అంటాడు. నేనూ అదే అనుకున్నా.

పాత రాడ్ తీసి వెర్నియర్ పెడితే 5.5 ఎం.ఎం.కి ఒక వెంట్రుక తక్కువ. థ్రెడ్ గేజ్ పెడితే అంగుళానికి 24 చుట్లు. అప్పుడు లైటు వెలిగింది. అది 12-24 సైజు, అమెరికా వాళ్ల లెక్క. ప్రపంచంలో చాలా డ్రమ్ సెట్లలో ఇప్పటికీ ఇదే నడుస్తోంది.

అసలు డ్రమ్ముకు బోల్టు ఎందుకు? మన డప్పుకు లేదు కదా. గడ్డి మంట వేసి కాచుతారు, చర్మం బిగుసుకుంటుంది, వేలితో కొట్టి చూస్తారు, అయిపోయింది. ముసురు పట్టిన రోజు మళ్లీ మంట. యూరప్‌లో సైన్యం డ్రమ్ములను చాలాకాలం తాళ్లతో బిగించేవాళ్లు. 19వ శతాబ్దంలో తాళ్ల చోటికి మరలు వచ్చాయి. కానీ ఏ షాపు థ్రెడ్ ఆ షాపుదే! ఒకచోట బోల్టు పోతే ఇంకోచోట దొరకదు. ఇంగ్లండ్‌లో హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతంలో మరలు కచ్చితంగా కోసే లేత్ చేశాడు. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో అందరికీ ఒకే థ్రెడ్ ఉండాలని 55 డిగ్రీల కోణం ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ కాదు, 60 అన్నాడు. మన అన్న డ్రమ్ము ఆ రెండో ఇంటి మనిషి.

అంగుళం మన ఊరికి కొత్తేం కాదు. నిజాం రైల్వే 1889కల్లా బెజవాడ దాకా వెళ్లింది, మన డోర్నకల్ మీదుగానే. ఆ పట్టాల మధ్య దూరం 5 అడుగుల 6 అంగుళాలు. 1956లో మెట్రిక్ చట్టం వచ్చింది, కాగితం మీద 1676 ఎం.ఎం. అయింది. పట్టాలు మాత్రం జరగలేదు!

నా చిన్న లేత్ మెట్రిక్‌ది. దాంట్లో అంగుళం థ్రెడ్ కొయ్యాలంటే 127 పళ్ల గేర్ కావాలి. ఎందుకు 127? 1959 నుంచి అంగుళం అంటే సరిగ్గా 25.4 ఎం.ఎం. అని ఆరు దేశాలు ఒప్పుకున్నాయి. 25.4ను 5తో గుణించండి. 127. నా డబ్బాలో ఆ గేర్ లేదు, ఆర్డర్ పెడితే పెళ్లి అయిపోతుంది.

63 పళ్లది ఉంది. దానికి రెట్టింపు 126. తేడా 127లో ఒక వంతు, అంటే పది చుట్లకు దాదాపు 0.08 ఎం.ఎం. రాడ్ లోపలికి వెళ్లేది కూడా పది చుట్లే. కొంచెం లోతుగా కోస్తే సర్దుకుంటుంది అనుకున్నా.

మొదటి కడ్డీ వంగిపోయింది. సన్నటి కడ్డీని ఒక్క వైపే పట్టి కోస్తే టూల్‌కు దొరక్కుండా అవతలికి జరుగుతుంది. బీటెక్‌లో ఇది పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. రెండోసారి అవతలి కొసకు సెంటర్ ఆనించి కోశా. తలను ఆకురాయితో నలుపలకలుగా రాకడానికే ఒక్కోదానికి అరగంట.

రాత్రి ఒంటిగంటకు మూడూ ఎక్కాయి. ఎదురెదురు రాడ్లను కొంచెం కొంచెంగా బిగించి అన్న పుల్లతో ఒక్కటి కొట్టాడు. పక్కింటి కుక్క లేచింది. మూడోది మాత్రం కాస్త బిగుతు. అది ఏదో మర్చిపోకుండా అన్న దాని తల మీద వాళ్ల బిడ్డ నెయిల్ పాలిష్‌తో ఎర్ర చుక్క పెట్టించుకున్నాడు. మొన్న కనిపిస్తే చూశా, చుక్క ఇంకా ఉంది.