గౌతమి ఇసుక మీద అధికారం ఎవరిది?
రావులపాలెం నేపథ్యంలో సమాఖ్య అధికార విభజన: ఒక పరిశీలన

రావులపాలెం, జొన్నాడల మధ్య గోదావరి పాయ అయిన గౌతమి మీద ఉన్న జాతీయ రహదారి వంతెన కేంద్రం పరిధిలోనిది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 23వ అంశం జాతీయ రహదారులు. వంతెన కింది ఇసుక రాష్ట్రానిది. రాష్ట్ర జాబితాలోనూ 23వ అంశమే గనులు. అంకె కలవడం కాకతాళీయం. అయితే వంతెనకు 500 మీటర్ల లోపల ఇసుక తవ్వరాదన్న నియమం 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద రాష్ట్రం చేసుకున్నది. కేంద్రం కట్టిన వంతెనకు రాష్ట్ర నియమం కాపలా! రెండు ప్రభుత్వాల అధికారాలూ గట్లు వేసిన మళ్ళలా విడివిడిగా ఉంటాయన్న పాఠ్యపుస్తకాల మాట ఏటి ఒడ్డున నిలవదు.

రాష్ట్రానికి గనుల మీద ఉన్న అధికారం కేంద్ర జాబితా 54వ అంశానికి లోబడినది. ఆ అంశం ఆధారంగా పార్లమెంటు 1957లో గనులు, ఖనిజాల చట్టం చేసింది. మామూలు ఇసుకను చిన్నతరహా ఖనిజంగా లెక్కగట్టి, దాని మీద నియమాలు చేసే పనిని 15వ సెక్షను ద్వారా రాష్ట్ర ప్రభుత్వాలకు వదిలింది. అసలు మెలిక ఇక్కడే ఉంది. అధికారం దక్కింది ప్రభుత్వాలకు, శాసనసభలకు కాదు. చేసిన నియమాలను సభ ముందు పెట్టాలని అదే చట్టం అంటుంది గానీ, పెట్టడం వేరు, చర్చించి ఆమోదించడం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక 2016లో ఉచితమైంది, 2019లో ఖనిజాభివృద్ధి సంస్థ చేతికి వెళ్ళింది, 2021లో ప్రైవేటు సంస్థకు దక్కింది, 2024 జులైలో మళ్ళీ ఉచితమైంది. ఇంత పెద్ద మార్పులు జీవోలతోనే జరిగిపోయాయి. ర్యాంపు దగ్గర వరస కట్టిన ట్రాక్టర్లకు మాత్రం ప్రతి మార్పూ కొత్త కాగితం, కొత్త రేటు.

సభ వదిలేసిన చోటికి న్యాయస్థానం వచ్చింది. దీపక్ కుమార్ కేసులో 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు, ఐదు హెక్టార్ల లోపు లీజులకూ పర్యావరణ అనుమతి తప్పదంది. ఆ అనుమతికి మూలమైన 1986 పర్యావరణ చట్టాన్ని పార్లమెంటు 253వ అధికరణం కింద, 1972 స్టాక్‌హోం సదస్సు నిర్ణయాల అమలు కోసం చేసింది. అంతర్జాతీయ ఒప్పందం పేరుతో రాష్ట్ర జాబితాలోకి కూడా అడుగుపెట్టే వీలు కేంద్రానికి ఈ అధికరణం ఇస్తుంది. ఇది సమాఖ్యకు అంత శుభం కాకపోయినా, నదికి మేలే చేసిందని నా అభిప్రాయం.

అధికారం ఎప్పుడూ ఢిల్లీ వైపే మొగ్గుతుందనుకోనక్కర్లేదు. 2024 జులై 25న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 8–1 మెజారిటీతో రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని తేల్చింది. జస్టిస్ నాగరత్న ఒక్కరే విభేదించారు.

ఇంతమంది పంచుకున్నాక పంచాయతీకి మిగిలిందేమిటి? 73వ సవరణ తెచ్చిన పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో చిన్న నీటిపారుదల ఉంది, రోడ్లు ఉన్నాయి, ఇసుక లేదు. అదే గోదావరి మీద, ఎగువన శబరి కలిసే కూనవరం షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ 1996 నాటి షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ చట్టం (పెసా) ప్రకారం గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫారసు లేనిదే చిన్నతరహా ఖనిజాల లీజు ఇవ్వకూడదు. అమలు ఎలా ఉన్నా, అడిగే హక్కు చట్టంలో ఉంది. దిగువన రావులపాలెం లాంటి మైదాన గ్రామాలకు అదీ లేదు. లారీల బరువుకు కుంగే ఏటిగట్టూ, అడుగంటే బోర్లూ ఈ ఊళ్ళవే.

ఈ తేడా చెరపడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. గ్రామసభ సిఫారసును తప్పనిసరి చేస్తూ 1966 నాటి చిన్నతరహా ఖనిజాల నియమావళిలో ఒక ఉపనియమం చేర్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే ఉంది.