పిల్లల నీళ్లాట: ఇంటి టబ్ నుంచి ఫాంహౌస్ పూల్ దాకా తెలుసుకోవాల్సిన విషయాలు

ఏప్రిల్ నెలాఖరుకు బడులకు సెలవులు వస్తాయి. పిల్లలు నానీ ఇంటికో దాదీ ఇంటికో చేరతారు. ఫ్యాను గాలి కూడా వేడిగా కొట్టే ఆ రోజుల్లో "నీళ్లల్లో ఆడుకుంటాం" అని గోల మొదలవుతుంది. వద్దని కోప్పడితే చిన్నవాళ్లు మెల్లగా బాత్‌రూంలో దూరి నల్లా తిప్పేస్తారు. దాని బదులు పెద్దలే ఓ చోటు, ఓ సమయం చూసి దగ్గరుండి ఆడించడం నయం. నీళ్లాటకు పెద్ద ఖర్చేమీ ఉండదు. అరబకెట్ నీళ్లు, వంటింట్లోని నాలుగు గిన్నెలు, ఖాళీగా కూర్చునే ఒక మనిషి ఉంటే చాలు. ఈ మూడింట్లో దొరకనిది ఆ మనిషే.

బకెట్ చిన్నదే, ప్రమాదం చిన్నది కాదు

నీట మునగడం అనగానే చెరువు, బావి, కాలువ గుర్తొస్తాయి. నడక నేర్చుకుంటున్న పిల్లలకు మాత్రం ఇంట్లోని బకెట్టే పెద్ద గండం. ఏడాది, ఏడాదిన్నర వయసులో ఒంటితో పోలిస్తే తల బరువుగా ఉంటుంది. బకెట్ అంచు పట్టుకుని లోపలికి తొంగిచూస్తే తలకిందులుగా పడతారు. చేతుల్లో బలం చాలక తిరిగి లేవలేరు. ముక్కు, నోరు మునిగేంత నీరు, అంటే రెండు అంగుళాల నీరు ఉన్నా ప్రాణం పోవచ్చు. సినిమాల్లో చూపించినట్టు కేకలు ఉండవు, చేతులు కొట్టుకోవడం ఉండదు. చప్పుడు లేకుండా నిమిషాల్లోనే అంతా అయిపోతుంది. పక్క గదిలో ఉన్న తల్లికి కూడా వినపడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలే. ఐక్యరాజ్యసమితి ఏటా జూలై 25ను నీట మునిగే ప్రమాదాల నివారణ దినంగా పాటిస్తోంది. మన ఇళ్లల్లో ఆ రోజు పేరే చాలామంది విని ఉండరు.

నల్లా ఎప్పుడు వస్తుందో తెలియని బస్తీల్లో బకెట్లు, డ్రమ్ములు నింపి పెట్టుకోకుండా కుదరదు. అలాంటప్పుడు బకెట్లను పిల్లల చేతికి అందని ఎత్తులో పెట్టాలి. లేదా బిగుతుగా పట్టే మూత వేయాలి. పళ్లెం బోర్లిస్తే మూత అయిపోదు, రెండేళ్ల పిల్లవాడు దాన్ని తేలిగ్గా లాగేస్తాడు. బాత్‌రూంకు బయటి గొళ్లెం పిల్లలకు అందనంత ఎత్తులో ఉండాలి. హీటర్ రాడ్ పెట్టిన బకెట్ ఉన్న గదిలోకి పిల్లలను అసలే రానివ్వకూడదు.

సంపు గురించి గట్టిగా చెప్పుకోవాలి. చాలా ఇళ్లల్లో అది గేటు పక్కనో, బండ్లు పెట్టే చోటో ఉంటుంది. మామూలు రోజుల్లో మూత పెట్టే ఉంటుంది. ట్యాంకర్ వచ్చినప్పుడు మూత తీస్తారు, పైపు వేస్తారు, డ్రైవర్‌తో మాటల్లో పడతారు. సరిగ్గా అప్పుడే పిల్లలు తమాషా చూడ్డానికి అక్కడికి చేరతారు. ట్యాంకర్ హారన్ వినగానే ముందు పిల్లలను లోపలికి పంపి తలుపు వేయాలి, ఆ తర్వాతే మూత తీయాలి. పల్చటి రేకు మూతను నమ్మకూడదు. తాళం పడే ఇనుప మూత మంచిది.

ఎక్కడ, ఎప్పుడు ఆడించాలి

పొద్దున పది గంటల లోపు, లేదా అసర్ నమాజు తర్వాత ఆడిస్తే ఎండ దెబ్బ ఉండదు. మిద్దె మీద ట్యాంకు ఉన్న ఇళ్లల్లో మిట్టమధ్యాహ్నం నల్లా తిప్పితే ముందొచ్చే నీళ్లు చర్మం కమిలేంత కాగి ఉంటాయి. కాసేపు వదిలేసి, పెద్దవాళ్లు మోచేతితో వేడి చూసుకున్నాకే పిల్లలను దగ్గరికి రానివ్వాలి. వదిలేసిన ఆ నీళ్లను బకెట్‌లో పడితే చల్లారాక బాసన్లకు పనికొస్తాయి.

మిద్దె మీద ఆడిస్తే పిట్టగోడకు దూరంగా, మధ్యలో కూర్చోబెట్టాలి. ఖాళీ బకెట్‌ను బోర్లించి దాని మీద ఎక్కడం పిల్లలకు మహా సరదా. ఆ బకెట్ పిట్టగోడ పక్కన ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పాచి పట్టిన చోట, నున్నటి టైల్స్ మీద పరుగులు పెట్టనివ్వకూడదు. మోటారు వైర్లు, కూలర్ ఉన్న వైపు నీళ్లు చల్లనివ్వకూడదు. మెడలో గొలుసు, తాయెత్తు దారం ఉంటే ఆటయ్యేదాకా తీసి పక్కన పెట్టాలి. తడిసిన దారం దేనికైనా తట్టుకుంటే మెడకు బిగుసుకుంటుంది.

నీటి లోతు పిల్లవాడి చీలమండ దాటనక్కర్లేదు. గాలి నింపే ప్లాస్టిక్ పూల్ అయినా సరే. ఆట ముగియగానే నీళ్లు పారబోసి, టబ్ బోర్లించాలి. "సాయంత్రం మళ్లీ ఆడతారు కదా" అని వదిలేసిన టబ్బే ప్రమాదం తెస్తుంది. పైగా రోజుల తరబడి నిలిచిన మంచినీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. ఆడిన నీళ్లు చెట్లకు పోస్తే వృథా కూడా పోవు. విరేచనాలు అవుతున్న పిల్లలను మిగతావాళ్లతో ఒకే టబ్‌లో కూర్చోబెట్టకూడదు. ఆ నీళ్లు ఎవరో ఒకరు తాగకుండా ఉండరు.

ఏ వయసుకు ఏ ఆట

ఏడాది పిల్లలకు పోయడం, ఒంపడమే పెద్ద ఆట. ఒక స్టీలు గ్లాసు, చిన్న లోటా, చాయ్ జల్లెడ ఇస్తే అరగంట కదలరు. పెద్దవాళ్ల చెయ్యి మాత్రం వాళ్లకు అందేంత దగ్గరలో ఉండాలి. రెండు మూడేళ్ల వాళ్లకు స్పాంజి ఇచ్చి, ఈ గిన్నెలో నీళ్లు పీల్చి ఆ గిన్నెలో పిండమంటే సరి. వేళ్లకు బలం వస్తుంది, రేపు పెన్సిల్ పట్టుకోవడానికీ అదే పనికొస్తుంది. గోడకు రంగు వేసే పాత బ్రష్షు, చిన్న డబ్బాలో నీళ్లు ఇచ్చి గోడ మీద బొమ్మలు వేయమనొచ్చు. గీసిన బొమ్మ ఎండకు మాయమవుతుంటే మళ్లీ మళ్లీ గీస్తారు. ఇల్లు పాడవదు, ఎవరూ తిట్టరు.

నాలుగేళ్లు దాటాక ప్రశ్నలు మొదలవుతాయి. ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అని ముందే పందెం కట్టించి ఒక్కొక్కటీ నీళ్లల్లో వేయించాలి. చెంచా, కాగితం పడవ, ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, ఏది దొరికితే అది. కమలా పండు తొక్కతో వేస్తే తేలుతుంది, తొక్క తీసి వేస్తే మునుగుతుంది. తొక్కలో చిక్కుకున్న గాలే దానికి కారణం. బరువు తగ్గాక మునగడమేంటని పిల్లలతో పాటు పెద్దలూ ఆశ్చర్యపోతారు. ప్లాస్టిక్ సీసాకు అడుగున ఒకే ఒక చిన్న చిల్లు పెట్టి నీళ్లు నింపి, మూత బిగిస్తే ధార ఆగిపోతుంది. మూత వదులు చేస్తే మళ్లీ వస్తుంది. ఇలాంటి ఆటతో గంట గడిచిపోతుంది. రూహ్ అఫ్జా కలిపి రంగు నీళ్లు చేస్తే మాత్రం చీమలను దావత్‌కు పిలిచినట్టే. బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు చాలు.

నీళ్లల్లో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్ బాల్స్ ఇంట్లోకే తేకూడదు. మిఠాయి అనుకుని మింగితే కడుపులోకి వెళ్లాక కూడా ఉబ్బి పేగుకు అడ్డం పడతాయి. ఆపరేషన్ దాకా వెళ్లిన సందర్భాలున్నాయి. మూడేళ్లలోపు వాళ్లకు గొంతుకు అడ్డం పడే సైజు ఐసు ముక్కలు, గోలీలు ఇవ్వకూడదు.

ఫాంహౌస్ పూల్ దగ్గర

హైదరాబాద్ చుట్టుపక్కల మొయినాబాద్, శంషాబాద్, శామీర్‌పేట వైపు ఫాంహౌసుల్లో ఈద్ తర్వాత గెట్‌టుగెదర్లు, వలీమా దావత్‌లు ఇప్పుడు మామూలయ్యాయి. యాభై మంది పెద్దలు ఉన్నా పిల్లలను చూసేవాళ్లు ఒక్కరూ ఉండకపోవచ్చు. అమ్మీ చూస్తోందని ఫుప్పూ, ఫుప్పూ చూస్తోందని అబ్బా అనుకుంటారు. దీనికి ఒక తేలిక ఉపాయం ఉంది. ఈత వచ్చిన ఒక పెద్ద మనిషికి కీచైన్ లాంటి ఏదైనా గుర్తు చేతికివ్వాలి. అది చేతిలో ఉన్నంతసేపు ఫోన్ చూడకూడదు, కబుర్లు చెప్పకూడదు, భోజనానికి లేవకూడదు. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఇంకొకరి చేతికి ఇచ్చాకే కదలాలి. నమాజు వేళయితే ముందు పిల్లలందరినీ బయటికి తీసి, లెక్కపెట్టి, పూల్ గేటు మూసి వెళ్లాలి. పదేళ్ల ఆపాకు తమ్ముణ్ని అప్పజెప్పడం కాపలా కిందికి రాదు.

చేతులకు తొడిగే గాలి బుడగలు, రబ్బరు ట్యూబులు ఆటవస్తువులే. అవి జారిపోతాయి, గాలి దిగిపోతాయి. బట్టల విషయానికొస్తే నీలం, లేత రంగులు నీళ్లల్లో కలిసిపోయి మునిగిన పిల్లవాడు కనపడడు. నారింజ, గులాబీ లాంటి కొట్టొచ్చే రంగులు వేయాలి. పిల్లలను ఎత్తుకుని పూల్‌లో దిగే తల్లులు పొడుగాటి కుర్తా, బురఖా, దుపట్టా తడిసి ఎంత బరువెక్కుతాయో, కాళ్లకు ఎలా చుట్టుకుంటాయో గుర్తుంచుకోవాలి. ఒళ్లు కప్పే ఈత దుస్తులు బజారులో దొరుకుతున్నాయి. పిల్లవాడు కనబడకపోతే గదులు, తోట వెతికే ముందు పూల్ అడుగు చూడాలి.

జరగకూడనిది జరిగితే

పిల్లవాణ్ని బయటికి తీసి గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం, నీళ్లు కక్కించాలని పొట్ట నొక్కడం చేయకూడదు. విలువైన సమయం పోతుంది, కక్కింది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పిలిస్తే పలకక, ఊపిరి సరిగా లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఒంటరిగా ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి పని మొదలెట్టాలి. గడ్డం కొద్దిగా పైకెత్తి, ముక్కు మూసి, ఛాతీ లేచేలా నోటితో ఐదు సార్లు ఊపిరి ఊదాలి. ఏడాది లోపు పసికందుకు తల మరీ వంచకుండా, నోరూ ముక్కూ కలిపి మన నోటితో కప్పి ఊదాలి. అప్పటికీ కదలిక లేకపోతే ఛాతీ మధ్యలో, ఛాతీ మందంలో మూడో వంతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు నొక్కి, రెండు సార్లు ఊదాలి. పసికందుకు రెండు బొటనవేళ్లు, కాస్త పెద్దవాళ్లకు ఒక అరచెయ్యి చాలు. ఊపిరి వచ్చేదాకా, లేదా అంబులెన్స్ సిబ్బంది అందుకునేదాకా ఇలాగే 30, 2 చొప్పున ఆపకుండా చేయాలి.

తేరుకుని ఏడ్చినా, అమ్మీ ఒళ్లో కూర్చుని నవ్వినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి నీరు వెళ్లి ఉంటే దగ్గు, ఆయాసం, మగత కొన్ని గంటల తర్వాత కూడా పెరగొచ్చు. ఎంతసేపు నీళ్లల్లో ఉన్నాడు, ఊపిరి ఆగిందా, ఎప్పుడు వచ్చిందన్నది వెంట వెళ్లినవాళ్లు డాక్టరుకు చెప్పాలి.