తెల్లగా ఉండాలన్నారు, గీకేశారు

1938 సెప్టెంబరు. లండన్‌లో ఎవరి నోట విన్నా యుద్ధం మాటే. బ్రిటిష్ మ్యూజియం డైరెక్టర్ జాన్ ఫోర్స్‌డైక్ నేలమాళిగలోని పనిశాల మీదుగా వెళ్తూ ఆగిపోయారు. బల్ల మీద రాగి పనిముట్లు, పక్కనే గరుకైన కార్బొరండం ముక్క. ఎదురుగా పార్థెనాన్ గుడి శిల్పాలు! క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఏథెన్స్‌లో మలిచిన చలువరాతి బొమ్మలవి. చంద్రదేవత సెలీనీ రథాశ్వం తల కొత్త రాయిలా తెల్లగా ఉంది.

మ్యూజియం ప్రయోగశాల అనుమతించింది మెత్తటి బ్రష్షు, సబ్బు, కాస్త అమోనియా, చివర డిస్టిల్డ్ వాటర్. అంతవరకే. వాటికి మురికి లొంగని చోట పనివాళ్ళు రాగితో గీకారు. 1937 జూన్ నుంచి ఇదే పని.

ఎందుకంటే డబ్బు లార్డ్ డువీన్‌ది. కళాఖండాల వ్యాపారంలో గడించి, ఈ శిల్పాలకు కొత్త గ్యాలరీ కట్టిస్తున్నారాయన. బొమ్మలు తెల్లగా ఉండాలని ఆయన ముచ్చట. ఆయన మనుషులు నేరుగా పనివాళ్ళకే పురమాయించేవారు. దాత మాటకు అడ్డెవరు? దాత ముందుకొస్తే మన గుళ్ళలో రాతి స్తంభాలకు రంగు పడడం మనకు మాత్రం కొత్తా?

పనివాళ్ళ పెద్ద ఆర్థర్ హోల్‌కోంబ్ ఏదీ దాచలేదు. రాగి రాయికన్నా మెత్తన, నలుగురు డైరెక్టర్ల హయాంలోనూ ఇవే వాడానని పత్రికలకు చెప్పాడు. నిజానికి కాఠిన్యంలో రాగి, చలువరాయి ఇంచుమించు సమానం. వాటికన్నా ఎంతో గట్టిదైన కార్బొరండం సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా ఊడిందంతా మురికి కాదు. ఈ బొమ్మలు చెక్కిన పెంటెలికాన్ కొండ రాయిలో కాస్త ఇనుముంటుంది, ఆరుబయట అది తేనెరంగుకు తిరుగుతుంది. ఆ పైపొరే పోయింది. మొదట్లో రంగులు పూసుకున్న ఈ బొమ్మలు ఇంత తెల్లగా ఎన్నడూ లేవు.

  

మ్యూజియం విచారణలో నష్టం నిజమేనని తేలింది. ఈ శిల్పాలను చూసే విభాగాధిపతి ఫ్రెడరిక్ ప్రైస్ అనారోగ్యం పేరిట తప్పుకున్నారు, సహాయకుడు రోజర్ హింక్స్ రాజీనామా చేశారు. డువీన్ 1939లో పోయారు. మ్యూజియం చాలా ఏళ్ళు జరిగినదాన్ని తక్కువ చేసే చూపింది. 1998లో విలియం సెయింట్ క్లెయిర్ పుస్తకం మళ్ళీ కదిలించాక, మరుసటి ఏడు తానే సదస్సు పెట్టి చర్చించింది.

అమరావతి శిల్పాలు చూడ్డానికి ఆ మ్యూజియానికి వెళ్ళే తెలుగువాళ్ళు డువీన్ గ్యాలరీలోకీ వెళ్ళండి. సెలీనీ గుర్రం, సూర్యదేవుడు హీలియోస్, దేవదూత ఐరిస్ బొమ్మల దగ్గర కాసేపు ఆగండి. ఎక్కువ దెబ్బతిన్నవి ఆ మూడే.