బాయ్‌హుడ్ (సినిమా)

బాయ్‌హుడ్ 2014లో విడుదలైన అమెరికా చలనచిత్రము. దీని రచయిత, దర్శకుడు రిచర్డ్ లింక్‌లేటర్. టెక్సాస్ రాష్ట్రములో ఇద్దరు పిల్లలను ఒంటరిగా పెంచే తల్లి ఒలీవియా, ఆరేళ్ళ ప్రాయమునుండి పద్దెనిమిదేళ్ళవరకు ఎదిగే ఆమె కుమారుడు మేసన్ ఇందులో ప్రధాన పాత్రలు. కథ కల్పితమే. అయితే 2002 నుండి 2013 వరకు అవే నటులతో చిత్రీకరించినందున వారి ముఖాలలో కనబడే వయసు మాత్రము నిజమైనది.

నిర్మాణము

ఏటా కొద్దిరోజులు మాత్రమే చిత్రీకరణ జరిగేది. మేసన్‌గా ఎల్లార్ కోల్ట్రేన్, అక్క సమంతాగా దర్శకుని కుమార్తె లోరెలై, తల్లిగా పాట్రీషియా ఆర్కెట్, తండ్రిగా ఈథన్ హాక్ నటించారు. కాలిఫోర్నియా చట్టము ప్రకారము ఏడేళ్ళకు మించిన సేవా ఒప్పందాలు చెల్లవు. కనుక పన్నెండేళ్ళపాటు అందరినీ కలిపి ఉంచినది ఇచ్చిన మాట మాత్రమే. మధ్యలో విసుగు చెందిన లోరెలై తన పాత్రను చంపివేయమని తండ్రిని అడిగినది, ఆయన ఒప్పుకొనలేదు. తాను మరణించినచో చిత్రాన్ని పూర్తిచేసే బాధ్యతను లింక్‌లేటర్ హాక్‌కు అప్పగించాడు. ఈలోగా డిజిటల్ కెమెరాలు వచ్చినా, దృశ్యములలో తేడా రాకుండా చివరివరకు 35 మి.మీ. ఫిల్మునే వాడారు.

తల్లి పాత్ర

పేరు బాలునిదైనా, కథను నడిపేవి చాలావరకు తల్లి నిర్ణయాలే. విడిపోయిన తండ్రి వారాంతములలో వచ్చి పిల్లలను సరదాగా తిప్పుతాడు. అద్దె, బడి, ఊరు మారడము అన్నీ ఆమె వంతు. చదువు కొనసాగించడానికి హ్యూస్టన్ చేరిన ఒలీవియా తన అధ్యాపకుని పెళ్ళి చేసుకొంటుంది. అతడు తాగుబోతై చేయి చేసుకొనగా పిల్లలతో ఇల్లు విడుస్తుంది. అతని పిల్లలిద్దరిపై ఆమెకు చట్టపరమైన హక్కు లేదు, వారిని అక్కడే వదలవలసి వస్తుంది. చిత్రములో అన్నిటికంటె బాధ కలిగించే ఘట్టము బహుశా ఇదే. తరువాత ఆమె కళాశాలలో మనస్తత్వశాస్త్రము బోధిస్తుంది. చివరకు కొడుకు కాలేజీకి బయలుదేరుతుంటే, చిన్న అపార్టుమెంటులో కూర్చొని, తన జీవితము ఇంతేనా అని ఏడుస్తుంది.

పురస్కారములు

2014 బెర్లిన్ చిత్రోత్సవములో లింక్‌లేటర్‌కు ఉత్తమ దర్శకునిగా వెండి ఎలుగుబంటి లభించినది. ఆస్కార్‌కు ఆరు విభాగములలో ప్రతిపాదింపబడినా 2015లో దక్కినది ఒక్కటే: ఆర్కెట్‌కు ఉత్తమ సహాయనటి బహుమతి. కథ భారాన్ని ఇంతగా మోసిన పాత్రను సహాయపాత్రగా లెక్కించడము కొంత విడ్డూరమే. ఆ వేదికపై ఆమె స్త్రీలకు సమాన వేతనము కావాలని కోరినది.

ఇవి కూడా చూడండి

టైమ్ (2020 డాక్యుమెంటరీ): గారెట్ బ్రాడ్లీ దర్శకత్వము. భర్త లూసియానా జైలులో ఉండగా ఆరుగురు కొడుకులను పెంచిన సిబిల్ ఫాక్స్ రిచర్డ్‌సన్, ఏళ్ళ తరబడి స్వయముగా తీసిన ఇంటి వీడియోలు దీనికి ఆధారము.