నల్లమలలో హైమండార్ఫు

సాహసమనగానే హిమాలయ శిఖరములెక్కుట, మహాసముద్రములు దాటుట, ధ్రువప్రాంతములకు పోవుట మన విద్యార్థులకు గుర్తుకు వచ్చును. అట్టి గాథల కొరకు అంత దూరము పోనక్కరలేదు. పెద్దమందడి, వనపర్తి ప్రాంతముల వేరుశనగ చేలను విడిచి తూర్పుగా నాగర్‌కర్నూలు, అచ్చంపేటల మీదుగా పోయినచో నల్లమల అడవి ఎదురగును. ప్రకృతిని తెలిసికొనుటకై ఈ అడవిలో విడిది చేసిన ఇద్దరు శాస్త్రజ్ఞులను గూర్చియు, వారికి ఎంతో ముందునుండి అచ్చట జీవించుచున్న చెంచులను గూర్చియు ఈ వ్యాసమున తెలిసికొందము.

మొదటివాడు సలీం అలీ. 1896లో బొంబాయిలో జన్మించిన ఈయనకు పక్షులే లోకము. ఉద్యోగము లేని దినములలో ఆయన సంస్థానములలోని పక్షులను పరిశీలించుటకు పూనుకొనెను. జీతము కోరలేదు, ఖర్చులు భరించిన చాలుననెను. ఆ విధముగా 1931-32లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము పక్షమున హైదరాబాదు సంస్థానమంతయు తిరిగెను. మన్ననూరు, ఫరహాబాదులు ఆయన విడిసిన చోట్లలోనివి. ఈ పరిశీలన ఫలితములు 1933 నుండి ఆ సంఘపు పత్రికలో వెలువడెను. దక్కను పక్షులను గూర్చి నేటికిని శాస్త్రజ్ఞులు వానిని సంప్రదించుచున్నారు.

రెండవవాడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫు. ఈయన 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు. 1936-37లో నాగా కొండలలో కొన్యక్ నాగుల నడుమ నివసించి పరిశోధన చేసెను. 1939లో మరల భారతదేశమునకు రాగా, ఆ సెప్టెంబరులోనే రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమయ్యెను. అంతకు ముందటి సంవత్సరమే ఆస్ట్రియా జర్మనీలో కలుపబడినందున ఆయన వద్ద నున్నది జర్మను పాస్‌పోర్టు. కావున బ్రిటిషు ప్రభుత్వము దృష్టిలో ఆయన శత్రుదేశ పౌరుడు. హైదరాబాదు సంస్థానపు ఎల్లలు దాటరాదని ఆయనను కట్టడి చేసిరి.

మరియొకరైనచో ఈ నిర్బంధమునకు క్రుంగిపోయి యుందురు. హైమండార్ఫు మాత్రము సంస్థానములోని గిరిజనులను గూర్చి పరిశోధించుటకు అనుమతి సంపాదించెను. 1940లో భార్య బెట్టీతో కలిసి అమ్రాబాదు పీఠభూమి మీది చెంచు పెంటలకు పోయెను. పెంట యనగా చెంచుల చిన్న పల్లె. అచ్చట విడిది చేసి, వారు తినునదేమి, వేటాడునదెట్లు, తగవులు తీర్చుకొనునదెట్లు అన్న విషయములను ఓపికతో చూచి వ్రాసికొనెను, ఛాయాచిత్రములు తీసెను. దాని ఫలితమే 1943లో వెలువడిన చెంచుల గ్రంథము.

ఆయన చూచినదేమి? చెంచులు మాట్లాడునది తెలుగే. కాని మనవలె దున్ని విత్తి బ్రదుకువారు కారు. విల్లంబులతో వేటాడుట, దుంపలు త్రవ్వుట, పండ్లు, ఇప్పపూలు, తేనె సేకరించుట వారి జీవనము. దుంపలు త్రవ్వుటకు ఇనుపమొన గల కర్ర వారి ముఖ్యమైన పనిముట్టు. చూచుటకు ఇది తేలిక పనివలె నుండును. కాని అడవి దుంపల తీగలు ఎండకాలమున ఎండి రాలిపోవును. దుంప మాత్రము భూమిలోనే యుండును. పైన ఆకు లేనిచోట క్రింద దుంప ఉన్నదని గుర్తించుటకు ఏ తీగ ఎచ్చట ప్రాకినదో, ఏ నేలలో ఏ దుంప ఊరునో తెలిసియుండవలెను. కొన్ని జాతుల దుంపలలో విషపదార్థములు గూడ నుండును. వానిని వేరు చేయలేనివాడు ఆ అడవిలో బ్రదుకజాలడు.

తేనె తీయుట మరింత సాహసకార్యము. పెద్ద జాతి కొండతేనెటీగలు నిటారుగానున్న బండల అంచుల క్రింద ఒకే పెద్ద పట్టును వ్రేలాడదీయును. చెంచు యువకుడు కొండపైనుండి తాడు పట్టుకొని లోయలోనికి దిగి, పొగబెట్టి పట్టును కోయును. పైన తాడును కనిపెట్టియుండువాడు సాధారణముగా బావమరిది. తన అక్కచెల్లెళ్ళ పసుపుకుంకుమలు కోరువాడు తాడును ఏమరడని వారి నమ్మకము. పొగ వలన ప్రయోజనమేమి? తేనెటీగ కుట్టినపుడు ఒక రసాయనము గాలిలో కలియును. ఆ వాసనను పట్టి తక్కిన ఈగలు దాడికి వచ్చును. పొగ ఆ వాసనను పసికట్టు శక్తిని మందగింపజేయును. ఈ కారణమును ప్రయోగశాలలో కనుగొనుటకు ఎంతో ముందే చెంచులకు ఆచరణలో దాని ఫలము తెలియును.

హైమండార్ఫునకు అడవిలో గడిపిన దినములు సాహసయాత్ర. చెంచులకు అది నిత్యజీవితము. ఆ జీవితమునకు అడవిపై హక్కు లేక నిలకడ లేదని ఆయన గ్రహించెను. ఆయన సూచనపై నిజాం ప్రభుత్వము అమ్రాబాదు అడవిలో కొంత భాగమును చెంచుల కొరకు ప్రత్యేకించెను. తరువాత ఆయన కొండరెడ్ల నడుమను, ఆదిలాబాదు గోండుల నడుమను పనిచేసెను. 1970-80ల నడుమ మరల వచ్చి, గిరిజనులు తమ భూములు పోగొట్టుకొనుచున్న తీరును 1982లో ఒక గ్రంథమున వివరించెను. బెట్టీ 1987లో మరణింపగా ఆదిలాబాదు ప్రాంతమునందలి మార్లవాయి గ్రామమున సమాధి చేసిరి. ఆయన 1995లో లండనులో కన్నుమూసెను. 2012లో ఆయన చితాభస్మమును గూడ మార్లవాయిలోనే ఆమె ప్రక్కన ఉంచిరి.

హైమండార్ఫు గుర్తించిన సమస్య నేటికిని తీరలేదు. చెంచులు తిరిగిన అమ్రాబాదు అడవి నేడు పులుల అభయారణ్యము. పులిని కాపాడుట అవసరమే. అందుకై పెంటలను అడవి వెలుపలకు తరలింపవలెనా అన్న చర్చ సాగుచున్నది. 2006లో పార్లమెంటు చేసిన అటవీహక్కుల చట్టము అడవిలో నివసించువారి హక్కులను గుర్తించినది. నల్లమలలో యురేనియం త్రవ్వకముల ప్రతిపాదన వచ్చినపుడు ప్రజలు ఆందోళన చేయగా, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకముగా తీర్మానించెను.

పెంట అడవిని విడిచిన యెడల పోవునది ఇల్లు మాత్రమే కాదు. ఏ తీగ క్రింద దుంప ఊరునో, ఏ బండకు ఏ ఋతువున తేనెపట్టు పట్టునో తెలిపెడు విద్య తండ్రి వెంట కొడుకు, తల్లి వెంట కూతురు అడవిలో నడచుటవలననే అబ్బును. దానికి వేరొక పాఠశాల లేదు. మన ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు విద్యార్థులను మన్ననూరు వైపు విహారయాత్రకు కొనిపోవునపుడు, పులి కనబడునా అని మాత్రమే చూడక, ఒక చెంచు పెద్దను అడిగి పది చెట్ల పేర్లు, వాని ఉపయోగములు వ్రాయించినచో సలీం అలీ, హైమండార్ఫుల బాటలో మన పిల్లలును ఒక అడుగు వేసినవారగుదురు.