చిన్న గేమ్ ప్రచురణ సంస్థలు: కాపీ రక్షణ, డౌన్‌లోడ్ పంపిణీ

కంప్యూటర్ గేమ్‌ను డబ్బు కట్టనివారు నకలు తీసుకుని ఆడకుండా అడ్డుకునే ఏర్పాట్లను కాపీ రక్షణ అంటారు. ఇంటర్నెట్ కాలంలో దీనికే డిజిటల్ హక్కుల నిర్వహణ, పొట్టిగా డీఆర్ఎం అన్న పేరు స్థిరపడింది. పెట్టె, డిస్కు, దుకాణం అక్కర్లేకుండా ఆటను కొన్నవారి కంప్యూటర్‌కు నేరుగా పంపడం డౌన్‌లోడ్ పంపిణీ. ఇద్దరు ముగ్గురితో నడిచే సంస్థలకు ఈ రెంటినీ విడదీసి చూడడం కుదరదు. ఆటను ఏ దారిలో అమ్ముతున్నారన్న దాన్ని బట్టే దానికి వేయదగిన తాళమూ తేలుతుంది. పెద్ద సంస్థ ఆ తాళాన్ని బయటి నుంచి కొనుక్కోగలదు. చిన్న సంస్థలో దాన్ని రాసేదీ, అది మొరాయించినప్పుడు కొన్నవారి ఫిర్యాదులకు జవాబు చెప్పేదీ ఆట రాసిన మనిషే.

సాంకేతికంగా చిక్కు మొదటి నుంచీ ఒక్కటే. ఆట నడవాలంటే దాని కోడ్ ఆడేవారి కంప్యూటర్‌లోకి రావాలి, అంటే తాళమూ తాళంచెవీ రెండూ అవతలివారి చేతికే వెళతాయి. అందువల్ల రక్షణ ఎంత గట్టిదైనా ఏదో ఒక రోజు వీగిపోతుంది. ఎన్నాళ్లు నిలుస్తుంది, ఎవరిని ఆపుతుంది అన్నవే లెక్కలోకి వచ్చే ప్రశ్నలు. మిత్రుడికి ఒక కాపీ ఇచ్చే మామూలు మనిషిని చిన్న అడ్డంకి కూడా ఆపుతుంది. తాళాలు విప్పడమే పందెంగా పెట్టుకున్న క్రాకింగ్ బృందాలను ఏదీ ఆపలేదు.

క్యాసెట్ల నుంచి సీడీల దాకా

1980ల మొదట్లో ఇంటి కంప్యూటర్ల ఆటలు ఎక్కువగా ఆడియో క్యాసెట్ల మీద వచ్చేవి. రెండు టేప్‌రికార్డర్లు ఉన్న ఏ ఇంట్లోనైనా నకలు తయారయ్యేది. టేపును కాపాడలేమని తెలిశాక, నకలు తీయడం కష్టమైన వస్తువును పెట్టెలో పెట్టడం మొదలైంది. బ్రిటన్‌లో 1984లో వచ్చిన జెట్ సెట్ విల్లీతో పాటు రంగురంగుల గళ్ల అట్ట ఒకటి ఇచ్చారు. ఆట మొదలుకావాలంటే ఫలానా గడిలో ఏ రంగులున్నాయో చెప్పాలి. రంగుల జిరాక్స్ సామాన్యులకు అందుబాటులో లేని రోజులు కనుక అది కొంత పనిచేసింది. 1990 నాటి ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్‌లో సముద్రపు దొంగల ముఖాలున్న అట్ట చక్రాన్ని తిప్పి అందులో కనబడే సంవత్సరాన్ని టైపు చేయాల్సి వచ్చేది. దాన్ని ఆటలో భాగంలా మలచడంతో కొన్నవారికి విసుగు తగ్గింది.

అదే బ్రిటన్‌లో లెన్స్‌లాక్ పేరుతో వచ్చిన ప్లాస్టిక్ పట్టకానికి అంత మంచి పేరు రాలేదు. తెర మీద చెదిరిన అక్షరాలను దానిలోంచి చూసి చదవాలి. స్పెక్ట్రమ్ కంప్యూటర్ మీద ఎలీట్ ఆటతో దీన్ని ఇచ్చారు. టీవీ మరీ పెద్దదైనా మరీ చిన్నదైనా అక్షరాలు కనబడవు. పైగా కొన్ని పెట్టెల్లో వేరే ఆట లెన్స్ వెళ్లిపోయింది. డబ్బు కట్టినవారు ఆట తెరవలేక అవస్థ పడుతుంటే, తాళం తీసేసిన నకలు సంపాదించినవారు హాయిగా ఆడుకున్నారు. కాపీ రక్షణ చరిత్రలో ఈ తంతు పదే పదే కనబడుతుంది.

ఫ్లాపీల మీద కావాలని పాడైన సెక్టార్లు రాసి, ఆట నడిచేటప్పుడు అవి ఉన్నాయో లేదో చూసే పద్ధతి ఉండేది. 1987లో ఎఫ్‌టీఎల్ గేమ్స్ అనే చిన్న సంస్థ విడుదల చేసిన డంజన్ మాస్టర్ ఇందులో మెరుగైనది. చదివిన ప్రతిసారీ వేరే విలువ ఇచ్చే బిట్లను ఫ్లాపీ మీద పెట్టి, వాటిని పరీక్షించే కోడ్‌ను ఆట పొడవునా చెదరగొట్టారు. క్రాక్ చేశామని సంబరపడినవారికి కొన్ని గంటలు ఆడాక ఆట ఆగిపోయేది.

సీడీల కాలంలో ఈ పని ఆట రాసేవారి చేతుల్లోంచి జారి సేఫ్‌డిస్క్, సెక్యూరామ్, స్టార్‌ఫోర్స్ వంటి అద్దె తాళాలకు మారింది. వీటిలో కొన్ని విండోస్ లోతుల్లో డ్రైవర్లను నాటేవి. 2008లో స్పోర్ ఆటను మూడు కంప్యూటర్ల మీద మాత్రమే వాడుకోవచ్చన్న నిబంధన పెట్టినప్పుడు, అమెజాన్‌లో కొనుగోలుదారులు వేల సంఖ్యలో ఒక్క నక్షత్రపు సమీక్షలు రాశారు. పరిమితిని తర్వాత ఐదుకు పెంచారు.

షేర్‌వేర్, నమోదు కోడ్‌లు

చిన్న సంస్థల అసలు చరిత్ర దుకాణపు అలమారాల్లో కంటే షేర్‌వేర్‌లో ఎక్కువగా దొరుకుతుంది. అమెరికాలో 1982 ప్రాంతంలో ఆండ్రూ ఫ్లూగెల్మన్, జిమ్ నాఫ్ తమ ప్రోగ్రాములను ఉచితంగా పంచి, నచ్చితే డబ్బు పంపమని అడిగారు. స్కాట్ మిల్లర్ నడిపిన అపోజీ సంస్థ 1987లో క్రోజ్ ఆటలతో దీనికి మరో రూపమిచ్చింది. మొదటి భాగం ఉచితం, ఎవరికైనా కాపీ చేసి ఇవ్వవచ్చు, మిగతా భాగాలు కావాలంటే డబ్బు కట్టాలి. 1990 చివర్లో వచ్చిన కమాండర్ కీన్ ఇలాగే అమ్ముడుపోయింది. 1993 డిసెంబరు 10న డూమ్ మొదటి భాగం ఒక విశ్వవిద్యాలయపు సర్వర్ ద్వారా ప్రపంచమంతా పాకింది. నకలు తీయడాన్నే ప్రచారంగా మార్చుకున్న ఈ పద్ధతికి ప్రకటనల ఖర్చు లేదు, తాళం అవసరమూ అంతగా లేదు. ఉచితంగా ఇచ్చిన భాగంలో తక్కినది అసలు ఉండదు కదా.

ఇంటర్నెట్ వేగం పెరిగాక పూర్తి ఆటనే డౌన్‌లోడ్‌గా ఇచ్చి, నమోదు కోడ్‌తో తెరిచే పద్ధతి వచ్చింది. పేరుకు, ఈమెయిల్‌కు లేదా ఆ కంప్యూటర్‌లో పుట్టిన ఒక సంఖ్యకు సరిపోయే కోడ్‌ను సంస్థ లెక్కకట్టి పంపుతుంది. దీని బలహీనత సులభంగానే తెలుస్తుంది. ఒకరి కోడ్ పదిమందికీ చేరుతుంది, లేదా లెక్కకట్టే సూత్రాన్ని ఛేదించి ఎవరో కోడ్‌లను పుట్టించే కీజెన్ తయారుచేస్తారు. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో మ్యాకింటోష్ ఆటలు చేసిన ఆంబ్రోసియా సాఫ్ట్‌వేర్ దీనికి ఒక విరుగుడు పట్టింది. ఎస్కేప్ వెలాసిటీ ఆటతో పేరు తెచ్చుకున్న ఈ సంస్థ మొదట్లో ఆడేవారి మనస్సాక్షినే నమ్ముకుంది. తర్వాత కోడ్‌లోనే జారీ తేదీని ఇమిడ్చి, కొద్ది రోజుల్లో వాడకపోతే చెల్లదని నిర్ణయించింది. గడువు దాటితే నిజంగా కొన్నవారు సర్వర్ నుంచి కొత్త కోడ్‌ను ఉచితంగా తెచ్చుకోవచ్చు. ఇంటర్నెట్‌లో తిరిగే పాత కోడ్‌లు మాత్రం చచ్చుబడతాయి. పెద్ద సంస్థల డ్రైవర్లకంటే ఇది ఎంతో మర్యాదైన తాళం. అయితే సంస్థ బతికున్నంత కాలమే అది తెరుచుకుంటుంది.

తాళం బిగిస్తే అమ్మకం ఎంత పెరుగుతుందన్న ప్రశ్నకు చిన్న సంస్థల నుంచి వచ్చిన జవాబుల్లో విలువైనది రిఫ్లెక్సివ్‌ది. గంటసేపు ఉచితంగా ఆడించి తర్వాత డబ్బు అడిగే చిన్న ఆటలను అమ్మిన ఈ అమెరికా సంస్థ, తన రికోషే ఇన్ఫినిటీ ఆటకు పైరసీ 92 శాతమని 2008లో వెల్లడించింది. రక్షణలోని లొసుగులను విడతలవారీగా పూడ్చినప్పుడు మొదటి విడతకు అమ్మకాలు దాదాపు 70 శాతం పెరిగాయి. తర్వాతి విడతల్లో కొన్నిటికి చలనమే లేదు. మొత్తం మీద సుమారు వెయ్యి దొంగ కాపీలను అడ్డుకుంటే ఒక్క అమ్మకం పెరిగిందని వారి లెక్క. పైరసీ శాతాన్ని నేరుగా నష్టం కింద రాసేవారికి ఇది మింగుడుపడని అంకె. అలాగని రక్షణ వృథా అనీ దీన్ని బట్టి చెప్పలేం. వచ్చిన ఫలితంలో పెద్దభాగం మొదటి అడ్డంకితోనే వచ్చిందన్నది ఇక్కడ గమనించవలసింది.

తాళం లేకుండా అమ్మినవారు

2006లో మిషిగన్‌కు చెందిన స్టార్‌డాక్ సంస్థ గెలాక్టిక్ సివిలైజేషన్స్ 2 ఆటను డిస్కు మీద ఏ రక్షణా లేకుండా విడుదల చేసింది. కొత్త అప్‌డేట్లు కావాలంటే మాత్రం చెల్లే సీరియల్ నంబరు ఉండాలి. అంటే మొదటి కాపీని వదిలేసి, ఆ తర్వాతి సేవకు కాపలా పెట్టారు. స్టార్‌ఫోర్స్ ఉద్యోగి ఒకరు ఆ ఆట దొంగ కాపీ ఎక్కడ దొరుకుతుందో బహిరంగంగా లింకు ఇచ్చి, తర్వాత క్షమాపణ చెప్పవలసి వచ్చింది. ఆట మాత్రం బాగా అమ్ముడుపోయింది. ఇదే సంస్థ 2009లో ప్రచురించిన డెమీగాడ్‌కు కథ అడ్డం తిరిగింది. విడుదల సమయంలో సర్వర్లకు వచ్చిన సుమారు 1,20,000 కనెక్షన్లలో 18,000 మాత్రమే కొన్నవారివి. దొంగ కాపీల తాకిడికి సర్వర్లు కుంగి, డబ్బు కట్టినవారికి ఆట సరిగా నడవలేదు. ఆన్‌లైన్ ఆటల్లో దొంగ కాపీ కూడా ఖర్చు తెస్తుందని అప్పుడు తేలింది.

ఇద్దరు మనుషులు తయారుచేసిన వరల్డ్ ఆఫ్ గూ 2008లో డీఆర్ఎం లేకుండా వచ్చింది. ఆడిన కాపీల్లో 80 నుంచి 90 శాతం దొంగవని తయారీదార్లే అంచనా వేశారు, అయినా తాళం వేయలేదు. 2010 మేలో ఆ ఆటతో పాటు మరికొన్నిటిని కలిపి, తోచినంత ఇవ్వండంటూ అమ్మిన తొలి హంబుల్ ఇండీ బండిల్ 12 లక్షల డాలర్లకు పైగా రాబట్టింది. ఒక సెంటు ఇచ్చినా సరిపోయే ఆ అమ్మకంలో కూడా దాదాపు పాతిక శాతం డౌన్‌లోడ్లు డబ్బు కట్టకుండా జరిగాయని నిర్వాహకులు లెక్కగట్టారు. ధర ఎక్కువ కాబట్టే దొంగిలిస్తారన్న వాదన ఇక్కడ నిలబడదు.

గ్రీన్‌హార్ట్ గేమ్స్ నడిపిన ఇద్దరు అన్నదమ్ములు 2013లో వేసిన ఎత్తు చిత్రమైనది. గేమ్ సంస్థను నడిపే గేమ్ డెవ్ టైకూన్ ఆటకు మార్చిన కాపీ ఒకదాన్ని తామే టొరెంట్లలో పెట్టారు. అందులో ఎంత మంచి ఆట చేసినా పైరసీ వల్ల ఆడేవారి సంస్థ దివాలా తీస్తుంది. మొదటి రోజు ఆడిన దొంగ కాపీలు 3,104, కొన్నవి 214. పైరసీని ఆపడం ఎలాగని దొంగ కాపీ ఆడేవారే ఇంటర్నెట్‌లో సలహా అడిగారు. ఆ వార్తే ఆటకు పెద్ద ప్రచారమైంది. ఇలాంటి ఎత్తు రెండోసారి పారదు.

ఆన్‌లైన్ దుకాణాలు

వాల్వ్ సంస్థ 2003 సెప్టెంబరులో మొదలుపెట్టిన స్టీమ్, 2005 నుంచి బయటి సంస్థల ఆటలనూ అమ్మసాగింది. రాగ్‌డాల్ కుంగ్ ఫూ, డార్వీనియా వంటి చిన్న ఆటలు ఆ దారిలో ముందు నడిచాయి. ఖాతా, చెల్లింపు, అప్‌డేట్లు, స్నేహితుల జాబితా అన్నీ ఒకచోట ఉండడంతో, ఆట కోసం దొంగ సైట్లలో వైరస్ భయంతో వెతకడం కంటే కొనుక్కోవడమే సులువైంది. పైరసీ ధర సమస్య కంటే సేవ సమస్య అన్నది వాల్వ్ అధిపతి గేబ్ న్యూయెల్ వాదన. స్టీమ్ ఇచ్చే డీఆర్ఎం పొర ఒక్కటే పైరసీకి మందు కాదనీ, పట్టుదల ఉన్నవారు దాన్ని తీసేయగలరనీ వాల్వ్ తన పత్రాల్లోనే రాసుకుంది. అది లేకుండానూ స్టీమ్‌లో అమ్ముకోవచ్చు.

ఈ సదుపాయానికి వెల 30 శాతం వాటా. 2018 నుంచి ఒక ఆట కోటి డాలర్లు దాటితే 25 శాతం, ఐదు కోట్లు దాటితే 20 శాతం అన్నారు. చిన్న సంస్థల్లో ఆ మెట్టు ఎక్కేవి అరుదు కాబట్టి రాయితీ పెద్దవారికే దక్కింది. 2012లో గ్రీన్‌లైట్ పేరుతో ఓటింగ్ పెట్టి ఆటలను ఎంచుకున్న వాల్వ్, 2017లో దాన్ని ఎత్తేసి, ఆటకు 100 డాలర్లు కట్టిన ఎవరికైనా తలుపు తెరిచింది. ఆదాయం 1,000 డాలర్లు దాటితే ఆ రుసుము తిరిగి వస్తుంది. ఫలితంగా 2024 ఒక్క ఏడాదిలో 18 వేలకు పైగా ఆటలు వచ్చిపడ్డాయి. ఇంత జనంలో చిన్న ఆటకు దొంగిలించబడడం కంటే ఎవరి కంటా పడకపోవడమే పెద్ద గండం.

ప్రత్యామ్నాయాలూ ఉన్నాయి. 2008లో పోలండ్‌లో పుట్టిన జీవోజీ డీఆర్ఎం లేని ఆటలనే అమ్ముతుంది. 2013లో మొదలైన ఇచ్ డాట్ ఐఓలో దుకాణం వాటా ఎంతో అమ్మేవారే నిర్ణయిస్తారు, సున్నా పెట్టినా అభ్యంతరం లేదు. ఎపిక్ దుకాణం 2018లో 12 శాతంతో వచ్చింది. స్టీమ్ 2015లో భారత్‌లో రూపాయల ధరలు ప్రవేశపెట్టడంతో ఇక్కడి జేబుకు తగ్గ ధర పెట్టే వీలు చిక్కింది. అదే ఏడాది వచ్చిన వాపసు నిబంధన ప్రకారం కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడితే డబ్బు తిరిగి ఇస్తారు. గంటన్నరలో ముగిసే ఆటలు చేసేవారిని ఇది దెబ్బతీసింది. 2021లో సమ్మర్ ఆఫ్ '58 తయారీదారు, ఆటను పూర్తిచేసి మరీ డబ్బు వెనక్కి తీసుకుంటున్నారంటూ ఆటల తయారీకి విరామం ప్రకటించారు.

ఆటను ఖాతాలో తెరిచే కోడ్‌ల, అంటే కీల వ్యాపారం ఇంకో తలనొప్పి. స్టీమ్ కీలను తయారీదార్లు బయట కూడా అమ్ముకోవచ్చు, విలేఖరులకు ఇవ్వవచ్చు. దొంగ క్రెడిట్ కార్డులతో కొన్న కీలు రీసేల్ సైట్లకు చేరతాయి. అసలు కార్డుదారు ఫిర్యాదు చేయగానే బ్యాంకు డబ్బు వెనక్కి లాగి, పైగా జరిమానా వేస్తుంది. దొంగ కాపీ వల్ల తయారీదారుకు రావలసింది రాకపోవచ్చు, దొంగ కీ వల్ల చేతి నుంచే పోతుంది. ఫ్యాక్టోరియో ఆటను తయారుచేసిన వూబ్ సాఫ్ట్‌వేర్ పట్టుపట్టగా, తన దగ్గర అమ్ముడైన 198 కీలు దొంగవని రీసేల్ సైటు జీ2ఏ ఒప్పుకుని 2020లో 39,600 డాలర్లు చెల్లించింది.

2014లో ఆస్ట్రియా నుంచి వచ్చిన డెనువో పెద్ద సంస్థల తాళం. తొలి వారంలోనే అది వీగిపోతే ఆదాయం సగటున 20 శాతం వరకు పడిపోతుందని, దాదాపు మూడు నెలలు నిలిస్తే ఆ తర్వాత నష్టం ఉండదని ఒక అమెరికా పరిశోధన 2024లో చూపింది. విడుదల వారంలోనే ఆదాయమంతా గుమిగూడే ఆటలకు ఈ లెక్క సరిపోతుంది. నెలల తరబడి నోటిమాటతో మెల్లగా అమ్ముడయ్యే చిన్న ఆటకు ఆ ఖర్చు గిట్టుబాటు కాదు.

చట్టం, ఆగిపోయిన సర్వర్లు

రక్షణను ఛేదించడాన్నే నేరంగా చూడాలన్న సూత్రం 1996 నాటి ప్రపంచ మేధోసంపత్తి సంస్థ ఒప్పందం నుంచి వచ్చింది. అమెరికా 1998లో, భారత్ 2012 కాపీరైట్ సవరణతో చేర్చిన 65ఎ సెక్షన్ ద్వారా దాన్ని చట్టం చేశాయి. భారత చట్టంలో రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. చిన్న సంస్థ దేశదేశాల్లో దావాలు వేయలేదు కాబట్టి ఆచరణలో దానికి మిగిలే ఆయుధం దొంగ లింకులను తొలగించమని నోటీసు పంపడమే. కొన్నది ఆటను కాదు, వాడుకునే అనుమతిని మాత్రమే అని డిజిటల్ దుకాణాలు స్పష్టంగా చెప్పాలన్న కాలిఫోర్నియా చట్టం 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

ఆ అనుమతి ఎంత పెళుసైనదో సంస్థలు మూతపడ్డాక బయటపడుతుంది. 2015లో విండోస్ 10 సేఫ్‌డిస్క్ డ్రైవర్‌కు చోటివ్వకపోవడంతో ఎన్నో పాత డిస్కులు నడవడం మానేశాయి. 2019లో ఆంబ్రోసియా వెబ్‌సైటు కనుమరుగయ్యాక, గడువు దాటిన కోడ్‌లను మార్చి ఇచ్చే సర్వర్ లేక, డబ్బు కట్టిన ఆటలే తెరుచుకోలేదు. ఇటువంటి సందర్భాల కోసం అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2015లో ఒక మినహాయింపు ఇచ్చింది. ధ్రువీకరణ సర్వర్‌ను ప్రచురణకర్త శాశ్వతంగా ఆపేస్తే, సొంత కంప్యూటర్‌లో ఆడుకోవడానికి ఆ తాళాన్ని తీసేసుకోవచ్చు. ఇంటర్నెట్‌లో నలుగురితో కలిసి ఆడే భాగానికి ఆటగాళ్ల విషయంలో అది వర్తించదు.