పది రోజుల తేడా

జో సలివన్ ఒకప్పుడు కాలిఫోర్నియాలో సైబర్ నేరగాళ్లకు శిక్షలు వేయించిన ఫెడరల్ ప్రాసిక్యూటర్. తర్వాత ఈబే, పేపాల్, ఫేస్‌బుక్. 2015లో ఊబర్ ఆయన్ను పిలిచి భద్రత విభాగమంతా చేతిలో పెట్టింది. మరుసటి ఏడు ఒబామా నియమించిన సైబర్ భద్రతా కమిషన్‌లోనూ సభ్యుడయ్యాడు. అంతటివాడిని కూల్చింది హ్యాకర్లు కాదు.

2014లో ఊబర్ డేటా ఒకసారి చోరీ అయింది. దానిపై ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణలో 2016 నవంబరు 4న సలివన్ ప్రమాణం చేసి సాక్ష్యమిచ్చాడు. సరిగ్గా పది రోజులకు ఆయనకు హ్యాకర్ల నుంచి ఒక మెయిల్ వచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు గిట్‌హబ్‌లోని కంపెనీ కోడ్‌లోకి దూరి, అందులో దొరికిన అమెజాన్ క్లౌడ్ కీతో 5.7 కోట్ల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు తోడేశారు. 2014 చోరీ కూడా గిట్‌హబ్‌లో బయటపడ్డ అలాంటి కీతోనే జరిగింది. విచారణ అధికారులకు వెంటనే చెప్పాల్సిన సంగతి అంతకు మించి ఏముంటుంది!

చెప్పలేదు. లోపాలు చూపించినవాళ్లకు ఇచ్చే బగ్ బౌంటీ కింద లక్ష డాలర్లు బిట్‌కాయిన్లలో చెల్లించి, డేటా ఏదీ తీసుకోలేదని ఒప్పందం రాయించుకున్నారు. మొదట మారుపేర్లతో సంతకాలు. ఆ తర్వాత భద్రతా బృందం ఆ ఇద్దరి ఆచూకీ పట్టుకుంది. 2017 జనవరిలో అసలు పేర్లతో మళ్లీ సంతకాలు పెట్టించింది. నా మనసును పిండేసేది ఇదే. ముసుగులో ఉన్న దొంగను వెతికి పట్టుకోగల అరుదైన నేర్పు అది. ఆ నేర్పంతా ఒక అబద్ధానికి ఖర్చయిపోయింది.

2017 నవంబరులో కొత్త సీఈఓ దారా ఖోస్రోషాహి సంగతి బయటపెట్టి, సలివన్‌ను తొలగించాడు. 2022 అక్టోబరులో, విచారణను అడ్డుకున్నందుకు, నేరాన్ని దాచినందుకు జ్యూరీ ఆయన్ను దోషిగా తేల్చింది. కేసు నడిపింది ఒకప్పుడు ఆయన పనిచేసిన ప్రాసిక్యూటర్ల కార్యాలయమే. విషయం అప్పటి సీఈఓ ట్రావిస్ కలానిక్‌కు తెలుసని విచారణలో బయటికొచ్చింది. ఆయన మీద మాత్రం కేసు లేదు. ఈ భారం ఒక్కడి భుజాలకే మిగలడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆయన మంచితనం చెబుతూ కోర్టుకు ఉత్తరాలు వెల్లువెత్తాయి. 2023 మేలో జడ్జి విలియం ఆరిక్ జైలు తప్పించి మూడేళ్ల ప్రొబేషన్, 50 వేల డాలర్ల జరిమానా, 200 గంటల సమాజ సేవ విధించాడు. ఇకమీదట ఇలాంటి కేసులో ఎవరొచ్చినా జైలు తప్పదని కూడా అన్నాడు. ఒప్పందంతో ఆ కుర్రాళ్లకు అనుమతి దక్కినట్టే, కాబట్టి దాచడానికి నేరమే లేదని సలివన్ అప్పీలు చేశాడు. జరిగిపోయిన చొరబాటుకు తర్వాత ఇచ్చే అనుమతి చెల్లదని 2025 మార్చిలో అప్పీలు కోర్టు తేల్చింది.